జింకు దిమ్మ, చిన్న తీగ

పడవ వెనుక తగిలించే ఔట్‌బోర్డు మోటారును పరిశీలనగా చూస్తే, నీటిలో మునిగే భాగంలో బూడిదరంగు లోహపు దిమ్మ ఒకటి బోల్టుతో బిగించి కనిపిస్తుంది. ఏ పనీ చేస్తున్నట్టుండదు. కొన్నాళ్ళు ఉప్పునీటిలో తిరిగేసరికి చీమలు తిన్న బెల్లంముక్కలా తయారవుతుంది. అలా కరిగిపోవడమే దాని ఉద్యోగం.

దీని మూలం పూర్వకాలపు యుద్ధనౌకలలో ఉంది. కొయ్యను తొలిచే పురుగుల బెడద తప్పించడానికి బ్రిటిష్ నౌకాదళం 1761లో ‘అలారం’ అనే నౌక అడుగున రాగిరేకులు తాపించింది. వెస్టిండీస్ జలాలలో తిరిగివచ్చిన ఆ నౌకను 1763లో పరీక్షించగా, రాగిని తాకుతున్న ఇనుప మేకులు క్షీణించిపోయి ఉన్నాయి. విచిత్రమేమంటే, రేకులకు చుట్టిన గోధుమరంగు కాగితం మధ్యలో చిక్కుకున్న చోట మేకులు బాగానే ఉన్నాయి! భిన్నలోహాలు రెండు ఒకదానినొకటి తాకుతూ ఉప్పునీటిలో ఉంటే విద్యుద్ఘటం ఏర్పడుతుంది. చురుకైన లోహం కరుగుతుంది, రెండవది నిలుస్తుంది. కాగితం ఆ సంబంధాన్ని తెంచింది.

అరవై ఏళ్ళ తరువాత సర్ హంఫ్రీ డేవీ ఈ నష్టాన్నే లాభంగా మలచాడు. 1824లో రాగిరేకులకు కావాలనే ఇనుము, జింకు ముక్కలు తగిలించాడు. రాగి కరగడం ఆగింది. కాని కరగని రాగిమీద గుల్లలు, నాచు యథేచ్ఛగా పెరిగి నౌకల వేగం తగ్గింది. నౌకాదళం ఆ పద్ధతిని మానుకున్నది. సూత్రం మాత్రం మిగిలింది.

నేటి మోటారు ఒడలు అల్యూమినియం. ఇరుసు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు. ఈ జంటలో క్షీణించేది అల్యూమినియమే. అంతకంటె చురుకైన జింకునో, ప్రత్యేకమైన అల్యూమినియం మిశ్రమాన్నో దానికి అడ్డుపెడతారు. చిక్కంతా ఇక్కడే ఉంది. దిమ్మ కాపాడేది తనతో విద్యుత్ సంబంధం కలిగి, తనతోపాటు నీటిలో ఉన్న లోహాన్ని మాత్రమే. మోటారును పైకెత్తే కీళ్ళలోని నైలాన్ బుష్‌లు, గ్రీజు ఆనాటి కాగితంలాగే ఆ సంబంధాన్ని తెంచుతాయి. నాడు మేకులను కాపాడిన ఎడబాటే నేడు బ్రాకెట్టుకు చేటు. అందుకే బ్రాకెట్టుకూ మోటారుకూ మధ్య చిన్న తీగ వేస్తారు. మరమ్మతులో దానిని బిగించడం మరచినా ఇంజను మామూలుగానే నడుస్తుంది గనుక ఎవరూ గమనించరు. స్టీలు బోల్టుల చుట్టూ రంగు పొంగి, కింద తెల్లని పొడి రాలేసరికి ఆలస్యమైపోతుంది. అప్పుచేసి మోటారు కొన్న జాలరికి బ్రాకెట్టు విరిగితే పోయేది వేటరోజులు.

అందానికి దిమ్మకు కూడా రంగు పూసేవారున్నారు. నీటిని తాకని దిమ్మ ఉన్నా లేనట్టే. ఎంతకాలమైనా అది కొత్తదానిలా ఉంటే సంతోషించరాదు, అనుమానించాలి. సగం అరిగితే మార్చాలి. మంచినీటిలో తిరిగే పడవలకు మెగ్నీషియం దిమ్మ తగినది. ఇక రాగి కలిసిన రంగును అల్యూమినియం మీద పూయడమంటే ‘అలారం’ కథను మళ్ళీ నడిపించడమే.

పరీక్ష సులభం. విద్యుత్ పనివారి మీటరు ముల్లు ఒకటి దిమ్మకు, రెండవది బ్రాకెట్టు మీద రంగులేని చోట ఆనించాలి. నిరోధం దాదాపు సున్న చూపకపోతే తీగ కొసలు విప్పి, తుప్పునూ రంగునూ గీకి, మెరిసే లోహానికి తిరిగి బిగించాలి.