మోటారు షెడ్లు - పనివారి బీమా

మోటారు మరమ్మతు షెడ్డులోని అపాయములు పాఠకులెఱిఁగినవే. జాకీ జాఱును; గాలి నింపుచుండఁగా టైరు పగులును; వెల్డింగు రవ్వ పెట్రోలునంటును. అట్టి ప్రమాదమునఁ బనివాఁడు మరణించినచో అతని కుటుంబమునకు దిక్కెవ్వరు?

పదిమందికిఁ దక్కువ పనిచేయు షెడ్లకు ఈ.యెస్.ఐ. రక్షణ సామాన్యముగా లేదు. అంతమాత్రమున యజమాని బాధ్యత తొలఁగదు. పనిలోఁ గలిగిన ప్రమాదమునకు, తన తప్పు లేకున్నను, యజమానియే పరిహారమీయవలెనని 1923 సంవత్సరపు చట్టము విధించెను. 2020 నాఁటి సామాజిక భద్రతా స్మృతియు ఆ సూత్రమునే నిలిపినది. మరణము సంభవించినచో నెలజీతములో సగమును వయస్సునకుఁ దగిన గుణకముతో హెచ్చింతురు. 1923 చట్టపు పట్టికలో ముప్పదియేండ్లవానికి గుణకము 207.98. జీతము 15,000 రూపాయలైనచో పరిహారము 15,59,850 రూపాయలగును. ఇంత సొమ్ము చేతినుండి చెల్లింపఁగల చిన్న యజమానులెందఱు? చెల్లించినవాని షెడ్డు మూఁతపడును; చెల్లింపనివాని పనివాని భార్య కచేరీల చుట్టును తిరుగును.

ఈ భారమును వహించు పాలసీలను బీమా కంపెనీలు ఇచ్చుచునేయున్నవి. జీతముల మొత్తమును, పని స్వభావమును బట్టి ప్రీమియము నిర్ణయింతురు. జీతములను, పనివారి సంఖ్యను ఉన్నదున్నట్లు వ్రాయించుట యజమానికే క్షేమము. బీమా లేని లారీ రోడ్డెక్కుట నేరమైనప్పుడు, ఆ లారీని బాగుచేయు చేతులకు బీమా అక్కఱలేదా? విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల యజమానులు కూడఁబలుకుకొని ఈ యేర్పాటు గావించుట యుక్తమని మా యభిప్రాయము. బండ్లు గల గృహస్థులును బీమా గల షెడ్డునకే తమ పని నిత్తురు గాక!