రేవు వెనక ఊళ్లు

కొర్కైలో ఇప్పుడు సముద్రం కనబడదు. చెరువు, పైరు, అరటితోటలు. ఒకప్పుడు ఇది పాండ్యుల ముత్యాల రేవు. ప్రాచీన భూగోళవేత్త టాలెమీ పేరెత్తిన ఊరు. ఇక్కడ శిక్షపడ్డ ఖైదీలను ముత్యాల కోసం నీళ్లలోకి దించేవారని ‘పెరిప్లస్’ అనే సముద్రయాన గ్రంథం రాసిన గ్రీకువాడు చెప్పాడు. తామ్రపర్ణి తెచ్చిన ఒండ్రు మేటవేసి తీరం తూర్పుకు జరిగింది. రేవు కూడా కాయల్‌కు, పున్నైకాయల్‌కు, చివరికి తూత్తుకుడికి తరలిపోయింది. 1968-69లో కొర్కైని తవ్వారు. నది ఎగువన ఆదిచ్చనల్లూరులో తవ్వకాల గుంతల మీద గాజుపలకలు పరిచారు. కాళ్లకింద, తవ్విన చోటే, వేల ఏళ్లనాటి శవాలను పూడ్చిన కుండలు కనిపిస్తాయి. చూసి తీరాలి.

అయితే అక్కడికి వెళ్లే పాఠకులను ఒక పూట కోవిల్‌పట్టిలో దిగమంటాను. రేవు ఒడ్డునే బతకదు, వెనకనున్న ఊళ్లు దాన్ని బతికిస్తాయి. విరుదునగర్ జిల్లాలో వైప్పారు ఒడ్డున ఉన్న వెంబకోట్టై తవ్వకాల్లో శంఖు గాజులు దొరికాయి. సముద్రపు శంఖం అంత లోపలికి వచ్చి గాజుగా మారిందన్నమాట. తర్వాత ఎన్నో శతాబ్దాలకు విజయనగర, నాయక రాజుల కాలంలో తెలుగు రైతులు కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడికి వచ్చారు. ఈ నేల పత్తి తూత్తుకుడికి బండ్ల మీద వెళ్లేది, 1876 నుంచి రైలెక్కింది. 1906లో స్వదేశీ నౌకా కంపెనీ పెట్టిన వ.ఉ. చిదంబరం పిళ్లై సొంతూరు ఒట్టపిడారం కూడా ఈ చుట్టుపక్కలదే.

ఆ తెలుగు రైతుల వలసను ‘గోపల్ల గ్రామం’ నవలగా చెప్పిన కి. రాజనారాయణన్‌ది కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్. ఇంట్లో తెలుగు, రాత తమిళం. పక్కనే ఎట్టయపురంలో 1904లో సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో అచ్చయింది. తెలుగు గ్రంథం అచ్చేసిన ఆ సీమలో ఇవాళ తెలుగు చాలా ఇళ్లలో నోటికే మిగిలింది. చక్కగా మాట్లాడే పెద్దలు కూడా అక్షరం చదవలేరు. నాకు కొర్కై ఒండ్రు కన్నా ఇదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. కుండపెంకు మట్టిలో వేల ఏళ్లు ఆగుతుంది, మాట మనిషితోనే పోతుంది.

రాజనారాయణన్ ఆ కరిసల్ (నల్లరేగడి) నేల తమిళ మాటలకు నిఘంటువు కూర్చారు. తెలుగు మాటలకు ఆ పని మనం చేయాలి. గుంటక, విత్తనం, పత్తితీత, బండి, వానరాక, వీటిని అక్కడివాళ్లు ఏమంటారో అడగండి. ఆ పలుకుబడి దిద్దకుండా, విన్నది విన్నట్టు రాసి పంపండి. అందిన ప్రతి మాటనూ, చెప్పిన ఊరి పేరుతో సహా, ఈ పత్రికలో అచ్చువేస్తాం.