ఉపవాసం విడిచాక ఏం మారింది?

శ్రమదినాలు వచ్చాయంటే మన పేటల్లో ఫ్లెక్సీలు లేస్తాయి. నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు, ఇరవై ఒక్క రోజుల ఉపవాస కూడికలు, నెలకోసారి రాత్రి ప్రార్థనలు. బెంగళూరు, చెన్నై, బరంపురం, ముంబయి, యానాం, ఎక్కడ తెలుగు సంఘం ఉంటే అక్కడ ఇదే వరస. వీటిని మేము ఎగతాళి చేయడం లేదు. మేమూ ఆ చాపల మీద మోకరించినవాళ్లమే. అయినా ఒక మాట అడగక తప్పదు. నలభై రోజులు అయ్యాక, ఉపవాసం విడిచాక, మనలో ఏం మారింది? మన పొరుగువాడి బతుకులో ఏం మారింది?

సాక్ష్యం చెప్పమంటే చాలామంది లేస్తారు. వీసా వచ్చింది, స్థలం కొన్నాం, అబ్బాయికి ఉద్యోగం దొరికింది. దేవుడు మేలు చేయడని మేము అనడం లేదు. కానీ ఒక పూట అన్నం మానేసి దేవుని దగ్గర ఏదో ఒకటి రాబట్టుకోవడమే ఉపవాసం అని మన పిల్లలకు నేర్పుతున్నాం. దాని పేరు బేరం, భక్తి కాదు.

యెషయా 58వ అధ్యాయం మన కూడికల్లో ఎన్నోసార్లు చదివాం. ఆ ప్రజలూ మనలాగే ఉపవాసం ఉన్నారు, తలలు వంచారు, గోనెపట్ట కట్టుకున్నారు. ఇంత చేసినా దేవుడు ఎందుకు చూడడం లేదని అడిగారు. ప్రవక్త చెప్పిన జవాబు సూటిగా ఉంది. ఉపవాసం ఉన్న రోజునే మీ పనివాళ్ల చేత కఠినమైన పని చేయించుకుంటున్నారు అన్నాడు. దేవుడు అక్కడ పట్టుకున్న తప్పు ప్రార్థన తక్కువైందని కాదు, పాట సరిగా పాడలేదని కాదు. పనివాడి చెమట గురించి అడిగాడు.

ఆ అధ్యాయాన్ని మన ఇంటి గుమ్మంలో నిలబడి చదువుదాం. ఆదివారం ఉదయం మనం తెల్లబట్టలు కట్టుకుని ఆరాధనకు బయల్దేరతాం. మన వంటగదిలో గిన్నెలు తోమే అమ్మకు ఆ రోజు సెలవు ఉందా? ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో విశ్రాంతి దినానికి ఇచ్చిన కారణం ఏమిటి? నువ్వు ఐగుప్తులో దాసుడిగా ఉన్నావు, అది మరచిపోవద్దు, కాబట్టి నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలి. మనం విశ్రమిస్తూ ఇంకొకరికి విశ్రాంతి లేకుండా చేస్తే ఆజ్ఞలో సగమే పాటించినట్టు.

మన పెద్దల్లో చాలామంది ఈ ఊళ్లకు వచ్చింది కూలికే. కోలారు బంగారు గనుల్లో రాయి తవ్వడానికి వచ్చారు. బెంగళూరు, చెన్నై వీధులు ఊడవడానికి వచ్చారు. ఒడిశా పట్టణాల్లో పాకీ పనికి వచ్చారు. ఆ కోలారు గనులు 2001లో మూతపడ్డాయి, బతుకులు చెల్లాచెదురయ్యాయి. ఆ గనుల పట్టణంలోనే పారిశుధ్య పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారు పాకీ పనిని నిర్మూలించాలని పోరాడి 2016లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు. ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. మురుగు గుంతల్లో చనిపోయిన వారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. అయినా మనుషులు ఇంకా ఆ గుంతల్లోకి దిగుతున్నారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ తీర్పుల గురించి మన ప్రసంగ వేదికల మీద ఎన్నిసార్లు విన్నాం? మన ప్రార్థన మనవుల చీటీలో ఆ కుటుంబాల పేర్లు ఎన్నిసార్లు రాశాం?

"రాజకీయాలు గుడిలోకి తేవద్దు" అనే పెద్దలు ఉంటారు. జక్కయ్య ఇంటికి ప్రభువు అతిథిగా వెళ్లినప్పుడు ఏం జరిగింది? అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్య లేచి చెప్పాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అప్పుడే అన్నాడు. మారుమనస్సు అంటే లెక్కల పుస్తకం కూడా మారాలి.

ఇప్పుడు మా యౌవనస్థులతో ఒక మాట. మీలో కొందరు దీనికి ఎదురు తప్పు చేస్తున్నారు. "ప్రార్థనల వల్ల ఏం కాదు, ధర్నాకు పోదాం" అంటున్నారు. ధర్నాకు మేమూ వస్తాం. కానీ ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ఒంటరిగా ప్రార్థించడానికి వెళ్లేవాడు. విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లడం ఆయనకు అలవాటు. బీదలకు సువార్త, చెరలో ఉన్నవారికి విడుదల అనే మాటలు నజరేతులో ఆయన చదివింది ఆ అలవాటు ప్రకారం వెళ్లిన రోజునే. దానియేలు రాజు చట్టాన్ని ధిక్కరించాడంటే, పరాయి దేశంలో రోజుకు మూడుసార్లు మోకరించడం అతనికి ముందునుంచీ ఉన్న పద్ధతి. సింహాల గుహ ముందు నిలబడ్డాక ప్రార్థన నేర్చుకోవడం కుదరదు. సాధన లేని ఆవేశం రెండు ఓటములకే అలసిపోతుంది, లేదా ద్వేషంగా మారుతుంది. అందుకే పౌలు తిమోతికి రాస్తూ భక్తిని వ్యాయామశాలలో చేసే సాధనతో పోల్చాడు. ఒంటికి కసరత్తు ఎలాగో భక్తికి రోజువారీ అభ్యాసం అలాగే.

మన నాయనమ్మలకు ఇది తెలుసు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం దాన్ని గుడికి తెచ్చేవారు. వాళ్లలో చాలామందికి అక్షరాలు రావు, ఇంట్లో బియ్యం కూడా చాలినంత ఉండేది కాదు. అయినా చేయి అలవాటుగా కుండలోకి వెళ్లేది. ఆ గుప్పెడులో ప్రార్థన ఉంది, ఉపవాసం ఉంది, పొరుగువాడి పాలు ఉంది. దానికి ఫ్లెక్సీ లేదు, మైకు లేదు. మనం మైకు తెచ్చుకున్నాం, కుండ పోగొట్టుకున్నాం.

ఈ శ్రమదినాల్లో మన సంఘాలు ఈ నాలుగు పనులు చేయాలని మేము అడుగుతున్నాం. ఉపవాసంతో మిగిలిన డబ్బు లెక్కగట్టి, పని పోయిన కార్మికుడి ఇంటికి ఇవ్వండి. ఆదివారం పనమ్మకు జీతం కోయకుండా సెలవు ఇవ్వండి. ప్రతి ఉదయం పదిహేను నిమిషాలు వాక్యం చదవండి. తెలుగు అక్షరాలు రాని పిల్లలుంటే, కన్నడంలోనో తమిళంలోనో చదివినా సరే, పెద్దవాళ్లు తెలుగులో చదివి వినిపించండి. వారానికి ఒకసారి ముగ్గురు నలుగురు కలిసి, ఈ వారం ఎవరికి అన్యాయం చేశామో, ఎవరికి అన్యాయం జరుగుతుంటే చూసీ ఊరుకున్నామో ఒకరితో ఒకరు ఒప్పుకోండి.

వచ్చే ఈస్టరు ఉదయం సాక్ష్యం చెప్పమంటే మనం లేచి నిలబడతాం. అప్పుడు మనకు ఏం దొరికిందో చెప్పడం సులువు. మన ఉపవాసం వల్ల ఎవరి కాడి విరిగిందో కూడా ఆ రోజు చెప్పగలగాలి.