పులుపూ తీపీ తెలిసిన చెయ్యి

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళ ఇళ్ళల్లో శనివారం రాత్రి విందుకి వెళ్ళినవాళ్ళకి ఈ వైభవం తెలిసే ఉంటుంది. హాల్లో ఒక మూల బల్ల దగ్గర నిలబడి అయ్యగారు బోర్బన్‌తో ‘విస్కీ సవర్’ కలుపుతూ ఉంటారు. చుట్టూ స్నేహితులు. గ్లాసు గ్లాసుకీ ఒక ఆహా! అమ్మగారు మాత్రం పొద్దుటినుంచీ ముప్ఫైమందికి వండి, చెమట తుడుచుకుంటూ, "పులుసులో ఉప్పు సరిపోయిందాండీ?" అని అందర్నీ అడుగుతూ తిరుగుతుంది. ఆయనది కళ! ఆవిడది పని!

ఏమిటండీ ఆ కళ? తాగడం మంచిదా చెడ్డదా అనే పాత పంచాయితీ ఇక్కడ పెట్టడం లేదు. ఆ గ్లాసులో ఏముందో చూద్దామంటున్నాను, అంతే.

బోర్బన్ అమెరికావాళ్ళ విస్కీ. ఎక్కువగా కెంటకీ రాష్ట్రంలో తయారవుతుంది. వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలనీ, లోపల కాల్చి నల్లబరిచిన కొత్త ఓకు పీపాల్లోనే నిలవ చెయ్యాలనీ అక్కడి నిబంధన. ఆ కొయ్యవల్లే దానికా రంగూ, ఆ తియ్యటి వాసనా. అలాంటిది రెండు ఔన్సులు, అంటే 60 మిల్లీలీటర్లు. అప్పుడే పిండిన నిమ్మరసం ముప్పాతిక ఔన్సు. నీళ్ళూ పంచదారా సమంగా వేసి కరిగించిన పాకం ముప్పాతిక ఔన్సు. ఐసు ముక్కలు వేసి, మూతపెట్టి, పది పన్నెండు సెకన్లు గట్టిగా కుదిపి వడగట్టడం. అయిపోయింది మహావిద్య!

కిటుకులు లేవా అంటే ఉన్నాయి. నిమ్మకాయకీ నిమ్మకాయకీ పులుపు తేడా ఉంటుంది కనక రుచి చూసి పాకం సర్దుకోవాలి. చల్లబడితే నాలిక్కి తీపి తగ్గినట్టుంటుంది. ఐసు కరిగిన నీళ్ళు కూడా ఒక దినుసే. అవి లేకపోతే ఘాటు గొంతు పట్టేస్తుంది.

చదువుతున్న మీకు నవ్వు రావడం లేదూ? నిమ్మకాయ పులిహోర కలిపే ఏ చేతికి తెలియదు, కాయకీ కాయకీ తేడా? పచ్చిపులుసులో చింతపండు పులుపుని బట్టి బెల్లమూ నీళ్ళూ సర్దడం ఏ పాఠశాలలో నేర్చుకున్నాం మనం? ‘కాక్‌టెయిల్’ అంటే ఏమిటని 1806లో ఓ పాఠకుడు అడిగితే, న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ ఊరి పత్రిక జవాబు చెప్పింది: మద్యం, పంచదార, నీళ్ళు, బిట్టర్స్ అనే చేదు మందు. ఆ పత్రిక పేరులోనే ‘బాలెన్స్’ ఉంది, అంటే త్రాసు! చేదునీ తీపినీ ఒక గిన్నెలో రాజీ కుదర్చడం మనకి కొత్తా? ఏటా ఉగాదికి చేస్తున్న పనేగా!

మరి ఇంత తెలిసిన చేతికి ఆ బల్ల దగ్గర చోటు ఎందుకు దొరకలేదు? చేతకాకా? కాదు, చట్టం ఒప్పుకోక! మిషిగన్ రాష్ట్రంలో, పెద్ద ఊళ్ళల్లో, బారు యజమాని అయిన మగవాడికి భార్యో కూతురో అయితే తప్ప ఆడది మద్యం కలిపే ఉద్యోగం చెయ్యకూడదన్నారు. సొంతంగా బారున్న ఒకావిడ కోర్టుకెక్కింది. 1948లో సుప్రీంకోర్టు చట్టానిదే రైటంది. తమాషా ఏమిటంటే, అదే బారులో ఆడవాళ్ళు గ్లాసులు మోసుకెళ్ళి అందివ్వడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు! కలిపితే తప్పు, మోస్తే ఒప్పు. కాలిఫోర్నియాలో ఇలాంటి చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1971లో కొట్టేసింది. కోర్టులు దిద్దుకున్నాయి సరే, మన హాళ్ళల్లో ఆ తీర్పు ఇంకా అమలు కావాలి.

ఇంకో మాట. పులుపూ తీపీ ఎంత బాగా కుదిరితే మందు ఘాటు అంత బాగా దాక్కుంటుంది. 45 శాతం బోర్బన్ 60 మిల్లీలీటర్లంటే అక్కడి ప్రభుత్వపు లెక్కలో ఒక డ్రింకు కాదు, ఒకటిన్నర. కొలత గ్లాసు పక్కన పారేసి, చేతివాటంగా ఒంపుతూ "ఇది నా స్టయిల్" అనే కళాకారులకి ఈ లెక్క అక్కర్లేదు. ఎవరికి ఎక్కువైందో, ఎవరి కారు తాళాలు ఎవరు తీసుకోవాలో, ఎవరిని సోఫాలో పడుకోబెట్టాలో చూసే బాధ్యత మళ్ళీ అమ్మగారిదే. రుచి కుదిర్చిన పేరు ఆయనకి, మనుషుల్ని కుదురుగా ఇల్లు చేర్చే పని ఈవిడకి! ఇదేం సమతూకం? కొలిచి పొయ్యడం, చాలనడం, తాగినవాళ్ళ క్షేమం చూడడం, ఇవన్నీ చేస్తేనే ఆ బల్ల దగ్గర నిలబడే అర్హత.

అంచేత అమ్మల్లారా, ఈసారి విందుకి చోట్లు మార్చండి. మీరు ఆ బల్ల దగ్గర నిలబడండి, కొలత గ్లాసుతో. ఆయన్ని ముప్ఫైమందికి పులుసు కాచమనండి. తెల్లవారేసరికి ఏది కళో, ఏది పనో ఆయనే చెబుతారు.