సర్పికి కావిపూత చాలునా?



సర్పిని మా హోసూరులో తమిళులు అక్కి యనియు, కన్నడిగులు సర్పసుత్తు అనియు అందురు. పేరేదైనను, మన తెలుగువారిలో సైతము ఇంకను పలువురు మొదట పోవునది కుమ్మరి యింటికే. కావి పూయించుకొని మూడు దినములు వేచియుందురు. మందు పనిచేయు అదను ఆ మూడు దినములే!

చిన్ననాటి ఆటలమ్మ క్రిమియే నరములో దాగి, వయసు మీరినపుడు ఒక ప్రక్కన పొక్కులై లేచును. 72 గంటలలోపల వైద్యుడు ఎసైక్లోవిర్ బిళ్ళలు మొదలుపెట్టినచో త్వరగా మానును. పొక్కులు మానినను కొందరికి మంట నెలల తరబడి వదలదు. రెండు కొనలు కలిసిన ప్రాణము పోవుననుట వట్టి భయము. కంటిచెంత లేచినదే నిజముగా భయపడదగినది. చూపు పోగలదు, ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

వైద్యుడు సాధారణముగా చూచియే పోల్చును. సందేహమైన పొక్కునీటిని పరీక్షింపించును. కావి పులుముకొని పోయినచో ఆయనకేమి కనబడును?

— విశ్రాంత గుమాస్తా, హోసూరు