ముందు తర్బియత్ మనకు, తర్వాత కుక్కకు



తెలుగులో కుక్క తోక వంకర అంటాం. ఉర్దూలో ఇంకొంచెం సాగదీసి, పన్నెండేళ్లు గొట్టంలో పెట్టినా కుత్తే కీ దుమ్ టేఢీకి టేఢీయే అంటాం. నేను చదువుకున్న రెండు జబాన్లూ ఈ ఒక్క మాట మీద ఏకమయ్యాయి. కుక్కకు ఏమీ నేర్పలేమట. నలభై దాటేదాకా నేనూ అదే నమ్మాను. మొగుళ్లపల్లిలో మా చాచా చేను దగ్గర జరిగిన సంగతి నా యఖీన్‌ను కదిలించింది. అందులో నా కసూర్ కూడా ఉంది, అందుకే రాస్తున్నా.

చాచా మక్క చేనుకు అడవి పందుల బెడద. రాత్రుళ్లు మంచె మీద పడుకుని డబ్బా కొట్టీ కొట్టీ ఆయన జబ్బు పడ్డాడు. నేను హనుమకొండ నుంచి ఒక కుక్కపిల్లను తెచ్చిచ్చాను. అప్పటికి దానికి రెండు నెలలుంటాయి. షేరూ అని పేరు పెట్టారు. ఇంట్లోకి రాకూడదు కాబట్టి మొదటి రోజు నుంచే దొడ్డిలో వేపచెట్టుకు గొలుసుతో కట్టేశారు. పొద్దంతా గొలుసు, రాత్రి చేను. పిల్లలు దూరం నుంచి రాళ్లు విసిరేవాళ్లు, పెద్దలు నవ్వేవాళ్లు. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ గొలుసు ఒకరోజు తెగింది. బంతి కోసం దొడ్డిలోకి వచ్చిన పక్కింటి పిల్లవాడి పిక్క పట్టుకుంది.

పిల్లవాడు బతికి బట్టకట్టాడు, అల్హమ్దులిల్లాహ్. టీకాలన్నీ వేయించాం. కానీ మర్నాడు చాయ్ హోటల్ దగ్గర వినబడ్డ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "సాయిబుల కుక్క కరిచిందట." ఊళ్లో ఇంకెవరి కుక్క కరిచినా ఆ మనిషి పేరు చెబుతారు. మన దగ్గరికి వచ్చేసరికి ఖౌమ్ పేరు వచ్చేస్తుంది. ఆ మాటన్నవాళ్ల మీద నాకు గుస్సా వచ్చింది. ఇంటికొచ్చాక మా మీద మాకే శరమొచ్చింది. పిల్లవాడి అమ్మకు చాచా చేతులు జోడించి మాఫీ అడిగాడు. ఆమె "మీ పిల్లలైనా మా పిల్లలైనా ఒకటే గదా బాబాయ్, కుక్కను సూసుకోండ్రి" అన్నది, అంతే.

ఇంట్లో రాత్రంతా పంచాయితీ. అన్నంలో మందు కలిపి పెట్టేద్దామని ఒకరు, ఆటోలో తీసుకుపోయి అడవిలో వదిలేద్దామని ఇంకొకరు. చాచా మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి నాకు తెలిసిన ఒక పెద్దాయన గుర్తొచ్చాడు. పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌గా చేసి రిటైరైన మనిషి. హైదరాబాద్ పక్కన మొయినాబాద్‌లో ఇంటెగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీ ఉంది, పోలీసు కుక్కలు అక్కడే తయారవుతాయి. ఆ శిక్షణలో కుక్కతో పాటు దాని హ్యాండ్లర్ కూడా నెలల తరబడి తాలిబ్-ఎ-ఇల్మే. ఇద్దరూ కలిసి నేర్చుకుని కలిసి డ్యూటీకి వెళ్తారు. ఈ ఒక్క సంగతిలోనే మొత్తం హిక్మత్ ఉంది.

ఆయన వచ్చిన రోజు కుక్కను ముట్టనేలేదు. దూరంగా కూర్చుని గంటసేపు మమ్మల్నే చూశాడు. చాచా "బైఠ్" అంటాడు, చాచీ "కూసో" అంటుంది, పిల్లలు "సిట్" అంటారు. ఆయన నవ్వి, "సాబ్, మూడు భాషలు మీకొచ్చు, దానికి రావు. ఇంటిల్లిపాదీ ఒకే మాట అనండి" అన్నాడు. తర్వాత చెప్పినవి కూడా కష్టమైన పనులేం కావు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, అంతకు మించి వద్దు. చెప్పింది చేసిన ఆ క్షణంలోనే రొట్టెముక్క ఇవ్వాలి. ఆలస్యమైతే ఎందుకిచ్చారో దానికి తెలియదు. పిలిస్తే వచ్చిన కుక్కను ఎప్పుడూ కొట్టకూడదు. కొడితే ఇంకోసారి రాదు. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడం మానేస్తుంది, కరవడం మానదు. అంటే హెచ్చరిక లేకుండా కరిచే కుక్కను మన చేతులతో మనమే తయారుచేసుకున్నట్టు.

ఇంకో మాట నా గుండెల్లో గుచ్చుకుంది. కుక్కపిల్లకు మూడో వారం నుంచి మూడో నెల దాకా ఏ మనుషులు, ఏ చప్పుళ్లు, ఏ పశువులు అలవాటైతే, జిందగీ అంతా వాటిని చూసి భయపడదట. భయపడని కుక్క ఊరికే కరవదు. ఆ రోజుల్లోనే మేం షేరూను చెట్టుకు కట్టి రాళ్లు చూపించాం. గొర్రెల కాపరులు కుక్కపిల్లను చిన్నప్పటి నుంచే మంద మధ్యలో పెంచేది ఇందుకే. ట్రైనింగ్ అనే మాట వినకుండానే వాళ్లకు ఆ హునర్ వచ్చు. చదువుకున్నామన్న మాకు రాలేదు.

ఇక దీన్ మాటకొద్దాం. మనలో చాలామంది కుత్తా అనగానే నాపాక్ అనే మాట దగ్గరే ఆగిపోతాం. సూరె మాయిదా నాలుగో ఆయత్ ఒకసారి తర్జుమాతో చదవండి. వేట జంతువులకు మనుషులు నేర్పే విద్య కూడా అల్లాహ్ మనిషికి నేర్పిన ఇల్మ్‌లోదేనని అక్కడ ఉంది. కుక్కకు నేర్పవచ్చు, నేర్పిన కుక్కకూ నేర్పని కుక్కకూ ఫరక్ ఉందని కలామె పాకే చెబుతుంటే, తోక వంకర సామెత పట్టుకుని మనం కూర్చున్నాం. దాస్తాన్లలో మనం విన్న హాతిమ్ తాయీ కొడుకు అదీ బిన్ హాతిమ్, రజియల్లాహు అన్హు, వేటకుక్క గురించి హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్‌ను అడిగిన హదీస్ బుఖారీలో ఉంది. నేర్పిన కుక్కను బిస్మిల్లా చెప్పి వదిలితే అది పట్టింది తినవచ్చు. అదే తినేసిందంటే తన కోసం పట్టుకున్నట్టు, మీరు తినొద్దని జవాబు. మన హనఫీ ఫిఖ్హ్‌లో దీనికి ఇమ్తిహాన్ కూడా ఉంది. వరుసగా మూడుసార్లు వేటను తినకుండా ఆగితే ఆ కుక్క ముఅల్లమ్, అంటే విద్య నేర్చినది, అని ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌ల మాట. కుక్కకు పరీక్ష పెట్టి పాస్ చేసిన ఫిఖ్హ్ మనది!

అలాగని షౌఖ్ కోసం కుక్కను తెచ్చి సోఫా మీద కూర్చోబెట్టమని నేను అనడం లేదు. వేటకో, పశువులకో, చేనుకో తప్ప ఊరికే కుక్కను పెంచితే సవాబ్‌లో రోజూ కోత పడుతుందని సహీ హదీస్‌లోనే ఉంది. చాచా చేను ఆ ఇజాజత్‌లోకి వస్తుంది. ఫోన్లో రీల్స్ కోసం రాట్‌వీలర్‌ను మెడకు గొలుసేసి గల్లీలో తిప్పే మన నౌజవాన్లది రాదు. 2024 మార్చిలో కేంద్రం ఇలాంటి ఇరవైకి పైగా జాతులను ఆపమని సర్క్యులర్ ఇచ్చింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. జాతి మీద బహస్ నడుస్తూనే ఉంటుంది. జాతి ఏదైనా తర్బియత్ ఇవ్వని యజమానిదే మొదటి జిమ్మేదారీ అని నా రాయ్.

నజాసత్ వేరు, నఫ్రత్ వేరు. హనఫీల దగ్గర కుక్క లాలాజలం నాపాక్. పొడి ఒళ్లు బట్టకు తగిలినంత మాత్రాన బట్ట నాపాక్ కాదు. మాలికీలైతే కుక్కను పాక్ అనే అంటారు. ఇంకా సందేహముంటే మీ మసీదు ఆలిమ్‌ను అడగండి. కానీ రాయి విసరమని ఏ మస్లక్‌లోనూ లేదు. దాహంతో నాలుక వేలాడేసిన కుక్కకు బావిలోకి దిగి మోజాతో నీళ్లు తెచ్చి తాగించిన మనిషికి మగ్‌ఫిరత్ దొరికిన కిస్సా మన పిల్లలకు చెబుతాం, చెప్పి ఆ పిల్లల చేతిలో రాయి చూసి నవ్వుతాం. అస్‌హాబె కహఫ్ గుహ గుమ్మం దగ్గర ముందుకాళ్లు చాపుకుని పడుకున్న కుక్క జిక్ర్ ఖురాన్‌లో ఉంది. అది లోపలికి రాలేదు, వాళ్లు దాన్ని తరిమేయనూ లేదు. మన ఇళ్లకు ఆ గుమ్మమే హద్దు, ఆ గుమ్మమే రహ్‌మత్.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. ఆ వీడియో చూసిన ఏ తల్లికి నిద్రపట్టింది? ఆ ఖౌఫ్‌ను నేను తక్కువ చేయను. అందుకే పిల్లలకు కూడా నేర్పాలి. కుక్కను చూసి పరుగెత్తొద్దు. చెట్టులా నిలబడు, కళ్లలోకి చూడకు, మెల్లగా వెనక్కి నడువు. తింటున్న కుక్క, పడుకున్న కుక్క, పిల్లల తల్లి కుక్క దగ్గరికి పోవద్దు. కరిస్తే పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి వెంటనే సర్కారు దవాఖానకు తీసుకుపోండి. కారం, సున్నం, పసుపు, తావీజ్ దీనికి ఇలాజ్ కాదు. దువా చేయండి, టీకా అన్ని డోసులూ వేయించండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు.

షేరూ సంగతి అడుగుతారు కదా. ఫరిష్తా ఏమీ కాలేదు. రెండు నెలలకు ఒక్క మాటకు కూర్చోవడం, పిలిస్తే రావడం నేర్చుకుంది. కొత్తవాళ్లంటే ఇంకా బెదురే. అందుకే పగలు దొడ్డికి కంచె, బయటికి తీస్తే మూతికి చిక్కం. టీకా కార్డు చాచా రేషన్ కార్డుతో పాటు దాచాడు. పెద్దాయన చెప్పిందీ ఇదే. కరిచిన కుక్కను మారుస్తామని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మొద్దు, యజమానిని మార్చుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

మొన్న నేను ఊరికి పోతే పక్కింటి పిల్లవాడు కంచె అవతల నిలబడి "బైఠ్" అన్నాడు. షేరూ కూర్చుంది. వాడు చాచా వైపు చూశాడు. చాచా రొట్టెముక్క వాడి చేతికిచ్చాడు, కంచె మీదుగా వేయమని.

ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు ఈ రోజు ఒక్క పని చేయండి. అందరూ కలిసి కూర్చుని, దాన్ని ఏ మాటతో పిలవాలో తయ్ చేసుకోండి. లేనివాళ్లు మీ పిల్లల చేతిలోని రాయి కింద పెట్టించండి. ఖుదా హాఫిజ్.