తిట్లతో తాగుడు మానదు, వైద్యం కావాలి

మడికొండ: తాగుడుకు బానిసైన తండ్రిని బాగు చేసుకోవాలని తపించే బిడ్డలు మడికొండలోనే కాదు, ప్రతి ఊరిలోనూ ఉన్నారు. అయితే వారు సాధారణంగా అనుసరించేవి మూడే మార్గాలు: తిట్టడం, డబ్బులు దాచడం, గదిలో పెట్టి గొళ్లెం వేయడం. మెట్టుగుట్ట రామలింగేశ్వరస్వామి సన్నిధిలో ఒట్టు వేయించేవారూ లేకపోలేదు. ఆస్పత్రి మాత్రం చాలామందికి గుర్తుకు రాదు. వచ్చినా పరువు అడ్డు తగులుతుంది. ఇది ఎంతైనా శోచనీయం.

ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగేవారి చేత ఒక్కసారిగా మానిపించడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు. చివరిసారి తాగిన కొద్ది గంటలకే చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజులలో ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి ఉన్నట్లు కనిపించే స్థితి రావచ్చు. ఇంట్లోవారు దీనిని దయ్యం పట్టిందనో, నాటకమనో భావించి విలువైన సమయం పోగొట్టుకుంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ కారణంగా మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటి రోగులు పెద్ద సంఖ్యలో వచ్చిన సంగతి పాఠకులకు విదితమే. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడినవారికీ ఈ ప్రమాదం తప్పదు.

దూబగుంట మహిళల ఉద్యమం ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. దుకాణం మూయించడం ఒక ఎత్తు, రోగిని బాగు చేయడం మరొక ఎత్తు. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతున్నట్లు 2019లో వెలువడిన జాతీయ సర్వే తెలిపింది.

కాగా, తండ్రిని ఒప్పించడమెలా అన్నదే బిడ్డల ముందున్న ప్రశ్న. తాగి వచ్చిన రాత్రి వాదన పెట్టుకుంటే కొట్లాటే మిగులుతుంది. తెల్లవారి, మత్తు దిగిన వేళ, ఇరుగుపొరుగు వినకుండా మాట్లాడాలి. "బాపూ, నీ చేతులు వణుకుతున్నయ్, రాత్రి నిద్ర పడ్తలేదు, ఒకసారి దవాఖానకు పోదాం" అంటే వినే మనిషి, "తాగుబోతువు" అంటే వినడు. ఆయన మాట మన్నించే బావమరిదినో, పాత స్నేహితుడినో తోడు తీసుకోవడం మంచిది. తెలియకుండా అన్నంలో మందు కలిపి పెట్టడం మాత్రం కూడదు. అటువంటి కొన్ని మందులు కడుపులో ఉండగా మద్యం తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రి మానసిక వైద్యులను సంప్రదించవచ్చు. వణుకు తగ్గించే మందులు, విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చి, ఆస్పత్రిలో ఉంచాలా వద్దా అన్నది వారే నిర్ణయిస్తారు. 14416 నంబరుకు ఫోన్ చేసినా ఉచితంగా సలహా లభిస్తుంది. ఒకసారి మానినవారు మళ్లీ తాగితే చికిత్స వృథా అయిందని నిరాశపడరాదు. మధుమేహం వలెనే దీనికీ నెలల తరబడి వైద్యుల పర్యవేక్షణ అవసరం.

భారమంతా బిడ్డల మీదనే వదలడం న్యాయం కాదు. కూలి మానుకుని నగరానికి తిరగలేని కుటుంబాల కోసం వారానికి ఒక రోజైనా స్థానికంగా మానసిక వైద్యుని సేవలు అందేలా వైద్యశాఖ ఏర్పాటు చేయవలసి ఉన్నది. క్షయ రోగిని గుట్టుగా గుర్తించి మందులు అందేలా చూసే ఆశా కార్యకర్తలకు ఈ రోగం విషయంలోనూ శిక్షణ ఇవ్వాలి. మద్యం అమ్మకంపై ఆదాయం పొందే ప్రభుత్వానికి, దాని వల్ల రోగులైనవారికి వైద్యం అందించే బాధ్యత కూడా ఉన్నది.